గోడమీది పిల్లి, గదిలోని పిల్లి

పిల్లికి చరిత్రయేమి యని పాఠక మహాశయులు నవ్వవచ్చును. ముప్పది యేండ్లు కచేరీలో దస్తరములు గట్టిన మెట్రిక్యులేటునకు ఇంతకంటె ఘనమైన విషయము దొరకలేదా యనియు అడుగవచ్చును. కాని గత సంక్రాంతికి మా పిల్లి తలుపుసందున వెడలిపోయి మూడు పగళ్లు కానరాలేదు. నాటినుండి దాని పూర్వోత్తరములు విచారింప మొదలిడితిని. తేలినదేమనగా, మనుష్యుడు పిల్లిని ఇంటిలోనికి రానిచ్చి వేల యేండ్లయినది. తలుపు మూసి లోపలనే యుంచుట మాత్రము నిన్నమొన్నటి మాట.

సైప్రసు ద్వీపమున 9,500 ఏండ్లనాటి సమాధిలో మనుష్యుని చెంతనే పూడ్చిన పిల్లి బయల్పడినట్లు 2004లో పండితులు ప్రకటించిరి. ఆ ద్వీపమున పిల్లులు సహజముగా లేవు, పడవమీద తెచ్చినవే. ధాన్యమున్నచోట ఎలుక, ఎలుకయున్నచోట పిల్లి. మన నిఘంటువులును దానిని ఆఖుభుక్కు, అనగా ఎలుకలను తినునది, అన్నవి. ఎలుకయే దాని జీతము. తెరచిన తలుపు ఆ కొలువునకు షరతు.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మనలో నెరుగనివారుండరు. ఎలుకల బాధ తీర్చుటకై రాయలవారు పిల్లులను, వాని పాలకొరకు ఆవులను పంచిపెట్టిరట. మన కవిగారు మరుగుపాలు పెట్టి పిల్లిని బెదరగొట్టి, ఆవుపాలు తామే త్రాగిరట. కట్టుకథయే కావచ్చును.

ఎలుక భయము మాత్రము మన పెద్దలకు కట్టుకథ కాదు. ప్లేగు 1896లో బొంబాయిలోను, 1898లో బెంగుళూరులోను ప్రవేశించెను. బొంబాయి కామాఠిపురమునకు పేరిచ్చిన తెలుగు కూలీలును, ఇచ్చటి పేటలోని మనవారును ఆ కాలమును గడచినవారే. ఇంట ఎలుక రాలినదన్న, పొయ్యిమీది కుండ పొయ్యిమీదనే విడిచి ఊరిబయటి పాకలకు పోయెడివారని మా అవ్వ తన అత్తగారివలన విన్నదానిని మాకు చెప్పుచుండెను. పాకలకు పోవుచు ఆమె గారు పిల్లిని మాత్రము గంపక్రింద మూసి తీసికొనిపోయిరట.

ఎలుక మేనిమీద నెత్తురు త్రాగు చిన్న పురుగే ఆ వ్యాధిని మోయుచున్నదని 1898లో కరాచీయందు సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను. పిదప బుకానన్ అను ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యుడు, పిల్లులు మెండుగానున్న పల్లెలకు ప్లేగు తక్కువగా వచ్చుచున్నదని 1908లో బ్రిటిష్ వైద్యపత్రికలో వాదించెను. ఇంటింటి పిల్లులను లెక్కవ్రాసిన గుమాస్తా ఎవరో గాని, ఆయన పడిన పాట్లు నేనూహింపగలను! పిల్లికిని ప్లేగు సోకుననియు, దానివలన మనుష్యులకును అంటవచ్చుననియు నేడు తెలిసినది. కనుక ఆ వాదము సగమే నిలిచినది.

ఇక తలుపు మూయుట. మనకు స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఎడ్వర్డు లో అను వర్తకుడు, పొరుగింటి స్త్రీ పిల్లికొరకు ఇసుక యడుగగా ఎండిన బంకమట్టి రేణువులనిచ్చెను. అంతకుముందు బూడిదయో ఇసుకయో గతి. ఆ మట్టి వాసనను అణచుటచే పిల్లిని ఏడాది పొడుగున గదిలో నుంచుట సులువయ్యెను. మనకప్పుడు ఆ యక్కర లేదు. పెరడుండెను, గోడయుండెను, గోడమీద పిల్లియుండెను. ఇప్పుడు మూడవ అంతస్తున రెండు గదులు, క్రింద వాహనములు, వీథికుక్కలు. జీతమైన ఎలుక సైతము మందుతిన్న ఎలుకయై విషమగుచున్నది.

మా పిల్లి పోవుటకు కారకుడను నేనే. గ్యాసుబండ తెచ్చిన కుర్రవానికి సంతకము చేయవలసి, కలము వెదకుచు తలుపు వారగా విడిచితిని. ఆ పగళ్లు మూడు వీథులు, బస్సు నిలుచు చోటు, సంత తిరిగితిని. గోడలకు దాని పటము లంటించితిని. నా భార్య అన్నము ముట్టలేదు. మా మనుమరాలు 2018లో ప్రకటితమైన యొక పరిశోధనను చదివి వినిపించినది. తప్పిపోయి దొరికిన పిల్లులలో నాలుగింట మూడువంతులు, వెడలినచోటికి 500 మీటర్లలోపలనే దొరికినవట. స్వయముగా వెదకుటయే మేలైన సాధనమట. గదిలో పెరిగిన పిల్లి భయముచే నోరు మెదపదట, పిలిచినను పలుకదట. ఆ రాత్రి రెండు గంటలకు టార్చిలైటు పట్టి మా మేడ క్రిందనే వెదకితిమి. నీటి మోటారు వెనుక రెండు పచ్చని కన్నులు మెరసినవి. నేను మూడు దినములును ఆ మోటారు ప్రక్కనుండియే బయలుదేరి బస్సు నిలుచు చోటికి పోతిని!

తరువాత కిటికీలకు వలలు కట్టించితిమి. వీథితలుపునకు లోపల మరియొక జాలితలుపు పెట్టించితిమి. పశువైద్యునిచే గర్భము రాకుండ శస్త్రచికిత్స, పిచ్చికుక్క రోగమునకు టీకా, చర్మముక్రింద బియ్యపుగింజంత మైక్రోచిప్పు చేయించితిమి. వ్యయము నా పించనులో నెలకు సగమైనది. గ్యాసు కుర్రవాడు ఇప్పుడు "బెక్కు ఎల్లి?" అని కన్నడములో అడిగిన పిదపనే బండ దించుచున్నాడు.