రెసిడెంటు మేడలో ఆడపిల్లల చదువు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదులో రెండు ముచ్చట్లూ తీర్చుకున్నాడు. ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా 1798లో బాధ్యతలు తీసుకున్నాక, ఇక్కడి ఉన్నత కుటుంబపు అమ్మాయి ఖైరున్నీసాను ముస్లిం పద్ధతిలో పెళ్ళాడాడు. ఆ సంగతి గవర్నర్ జనరల్ వెల్లస్లీకి మింగుడుపడలేదు. విచారణలు జరిగాయి, ఉద్యోగం ఊడినంత పనై ఎలాగో నిలిచింది.

ఇక ఇల్లు. మూసీకి ఉత్తరపు గట్టున స్థలమూ, కట్టడానికి డబ్బూ నిజాం అలీఖాన్‌వే. కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద నక్షా గీయించి తీసుకెళ్తే, ఇంత నేలా అని నవాబు ససేమిరా అన్నాడట. అదే నక్షాను చిన్న కార్డు మీద గీసి చూపిస్తే సరేనన్నాడట. ఇది కంపెనీ దొరలు చెప్పుకున్న కథ. నలభై ఏళ్లు మరాఠాలకూ మైసూరుకూ నడుమ గద్దె కాపాడుకున్నవాడు కాగితం సైజు చూసి మోసపోయాడంటే నేను నమ్మను.

మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్ నమూనాతో 1803లో పని మొదలైంది. మేడ పూర్తయ్యేదాకా కిర్క్‌పాట్రిక్ బతకలేదు. 1805లో ఖైరున్నీసాకూ ఆయనకూ పుట్టిన పిల్లలిద్దరినీ ఇంగ్లండు ఓడెక్కించారు. ఆ అక్టోబరులోనే ఆయన కలకత్తాలో కన్నుమూశాడు. కన్నతల్లి పిల్లల్ని మళ్లీ చూడనేలేదు. ఆమె కోసం కట్టించిన జనానా, రంగమహల్‌ను తర్వాతి రెసిడెంట్ల కాలంలో కూల్చేశారు. తోటలో మిగిలిన బుల్లి నమూనా మేడ గురించి మాత్రం, తర్వాత ఇక్కడికి వచ్చిన మహిళా కాలేజీలో ప్రతి బ్యాచీకీ తెలుసు: ఘోషాలో ఉన్న బేగం పెద్ద మేడ ముందుకు రాలేదు కాబట్టి ఆమె చూసుకోవడానికి దాన్ని కట్టించాడని చెప్పుకుంటారు.

తర్వాత రెసిడెంట్లు వచ్చారు, పోయారు. వాళ్ల చిట్టా ఇక్కడ అనవసరం. 1857 జూలై 17 సాయంత్రం మాత్రం చెప్పుకోవాలి. తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కంపెనీ మీద తిరగబడి, రోహిల్లాలను వెంటబెట్టుకుని ఈ మేడ మీదికి వచ్చారు. ఎదురిళ్లలోంచి కాల్పులు జరిపారు, ఇటునుంచి ఫిరంగులు జవాబిచ్చాయి. తుర్రెబాజ్‌ఖాన్‌ను తర్వాత చంపేశారు, మౌల్వీని అండమాన్ పంపారు. ఆ దెబ్బతో మేడ చుట్టూ ప్రహరీకి బురుజులు లేచాయి.

ప్రహరీ బయటి బజారు కూడా రెసిడెంటు ఏలుబడిలోనే ఉండేది. నిజాం సర్కారు ఆంక్షలు అంతగా సోకని ఆ రెసిడెన్సీ బజారులోనే 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. తెలుగు పుస్తకానికి తెల్లదొర బజారు నీడనిచ్చిందన్నమాట! 1933లో బజారు నిజాం చేతికి తిరిగొచ్చి సుల్తాన్ బజార్ అయింది.

1947లో బ్రిటిష్‌వాళ్లు ఖాళీ చేశారు. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఈ మేడలోకి వచ్చింది. ఈ ఇంటికి దక్కిన యజమానుల్లో నా లెక్కన మంచివాళ్లు ఈ కాలేజీవాళ్లే. ముందు ఆరు ఎత్తయిన స్తంభాలు, మెట్లకు రెండువైపులా కూర్చున్న సింహాలు, దర్బారు హాలు పైకప్పుకు కాగితపు గుజ్జుతో చేసిన రంగుల అలంకారం. ఇంత హంగూ రెసిడెంటు దర్పం కోసం పుట్టింది. ఆ మెట్ల మీద కూర్చుని పరీక్షలకు చదువుకున్నది మాత్రం అమ్మాయిలు.

అయితే ప్రేమ ఒక్కటే చాలదు, సున్నం కూడా కావాలి. వానలకు కప్పు నానింది, పెచ్చులూడాయి. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ మేడను ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. మరమ్మతులకు ఏళ్లు పట్టాయి. 2022లో కాలేజీ విశ్వవిద్యాలయమైంది, 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో కౌలు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన మనిషి ఆమె. నవాబు ఇచ్చిన నేల మీద, దొర కట్టిన మేడకు ఆ పేరు రావడం నాకు న్యాయంగానే తోస్తోంది.

రెసిడెంట్ల ఉత్తరాలు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. 1949 తర్వాతి కథ మాత్రం మీ ఇళ్లలోని ట్రంకుపెట్టెల్లో ఉంది. పాత విద్యార్థినులారా, గ్రూపు ఫొటోలు, హాస్టల్ ఉత్తరాలు, కాలేజీ మ్యాగజీన్లు పాతసామాన్లవాడికి వేయకండి. వెనక పేర్లూ ఏడాదీ రాసి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి అందించండి.