లోహం మీది అంకె, దస్త్రంలోని అంకె

మోటారు వాహనాల చట్టం, 1988లోని 55వ సెక్షన్ ఐదో ఉపసెక్షన్ పాత కార్ల యజమానులకు నిద్ర పట్టనివ్వని నిబంధన. వాహనం మీద చెక్కిన ఇంజిన్ నంబరు గానీ, ఛాసిస్ నంబరు గానీ రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలోని నంబరుతో సరిపోలకపోతే, యజమాని చెప్పేది విన్న తరువాత నమోదు అధికారి ఆ రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయాలని అది చెబుతుంది. దొంగ వాహనాలను పట్టుకోవడానికి ఈ నిబంధన అవసరమే. అయితే తేడా ఎలా వచ్చిందన్న ప్రశ్నకు ఇందులో చోటు తక్కువ. అరవై ఏళ్ల క్రితం ఒక గుమాస్తా మూడును ఎనిమిదిగా రాసినా, ఒక దొంగ నిన్న రాత్రి ఉలితో పాత అంకెను చెరిపేసినా చట్టం దృష్టిలో రెండూ ఒకే రకమైన వ్యత్యాసాలు.

ఈ దేశంలో వాహనానికీ దస్త్రానికీ మధ్య బంధం నూరేళ్లకు పైబడినది. బ్రిటిష్ ఇండియాలో 1914 మోటారు వాహనాల చట్టం నమోదు నియమాలను రూపొందించే పనిని ప్రాంతీయ ప్రభుత్వాలకు వదిలింది. 1939 చట్టం ఆ వ్యవస్థకు ఒక రూపం ఇచ్చి, ఏ ప్రావిన్సుకు ఏ అక్షరాలో తన ఆరో షెడ్యూలులో నిర్ణయించింది. సంస్థానాలు మాత్రం తమ నమోదును తామే చూసుకునేవి. సంస్థానాలు విలీనమయ్యాయి, భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడ్డాయి, 1989 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చి రాష్ట్రాల అక్షరాలు మళ్లీ మారాయి. తెలంగాణలో కొత్త వాహనాల మీది టీఎస్ కూడా 2024 మార్చిలో టీజీ అయింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా నంబరు ప్లేటు భాష మారుతూ వచ్చింది. మారకూడనిది ఒక్కటే, ఛాసిస్ మీద పడిన అంకె. రాజ్యాలు మారినా వాహనం తానెవరో చెప్పుకోగల ఆధారం అదే.

చిక్కు ఏమిటంటే, ఆ అంకెను దస్త్రంలోకి మోసుకెళ్లింది మనిషి చేయి. ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పదిహేడు అక్షరాల గుర్తింపు సంఖ్య 1980ల నుంచి స్థిరపడినది. అందులో ఒకటీ సున్నాలతో పొరబడకుండా రోమన్ లిపిలోని ఐ, ఓ, క్యూ అక్షరాలను ముందే తొలగించారు. అంతకు ముందు ప్రతి కంపెనీదీ ఒక పద్ధతి. కొన్నింటి నంబరు నాలుగు అంకెలే, కొన్నింటిలో అక్షరాలూ అంకెలూ కలగలిసి ఉండేవి. కొన్ని బ్రిటిష్ కార్లకు బాడీ నంబరు, కారు నంబరు, ఇంజిన్ నంబరు వేర్వేరు రేకుల మీద కనిపిస్తాయి. వాటిలో ఏది ఛాసిస్ నంబరో తెలియని గుమాస్తా కంటికి కనిపించినదాన్ని రాసుకున్నాడు. యాజమాన్యం మారిన ప్రతిసారీ, ఊరు మారిన ప్రతిసారీ ఆ చేతిరాతను మరొకరు చూసి ఎక్కించారు. చివరకు కంప్యూటర్ వచ్చి ‘వాహన్’ వ్యవస్థలోకి రిజిస్టర్లను ఎక్కించినప్పుడు తాత కాలం నాటి తప్పు ఎలక్ట్రానిక్ సత్యంగా మారిపోయింది.

రెండో కారణం తప్పు కాదు, బతుకుతెరువు. స్వాతంత్ర్యం తరువాత నాలుగు దశాబ్దాల పాటు భారతీయుడికి కారు అంటే దొరికినదాన్ని కాపాడుకోవడం. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్, బొంబాయిలో ఫియట్ 1100గా మొదలై 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్న కారు, మద్రాసు స్టాండర్డ్ కంపెనీ వారి హెరాల్డ్ తప్ప పెద్దగా ఎంపిక లేదు. కొత్త కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. దిగుమతుల మీద కఠినమైన ఆంక్షలు. కాబట్టి ఇంజిన్ అరిగిపోతే కారును పారేయలేదు, మరో ఇంజిన్ పెట్టించుకున్నారు. పెట్రోలు భారమైనప్పుడు డీజిల్ ఇంజిన్ బిగించుకున్న అంబాసిడర్లకు లెక్కే లేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత మిలిటరీ డిస్పోజల్‌లో అమ్ముడైన జీపుల్లో ఇంజిన్ ఒక బండిదీ, చట్రం మరో బండిదీ కావడం మామూలే. షెడ్డులో మెకానిక్ పని పూర్తిచేశాడు. రవాణా కార్యాలయానికి వెళ్లి ఆ మార్పును రాయించుకోవాలని చాలామందికి తోచలేదు. తోచినవారిలోనూ అందరికీ అక్కడి తిరుగుడు భరించే ఓపిక లేకపోయింది.

మరి అంకెను సరిదిద్దుకోవాలంటే ఏం చేయాలి? పాత గుమాస్తా పొరపాటును సవరించడానికి చట్టంలో ప్రత్యేక అధ్యాయమేదీ లేదు. రద్దు గురించి స్పష్టంగా మాట్లాడిన చట్టం దిద్దుబాటును అధికారి విచక్షణకు వదిలేసింది. యజమాని అఫిడవిట్ ఇవ్వాలి, ఛాసిస్ నంబరు మీద కాగితం ఉంచి పెన్సిల్‌తో రుద్ది తీసిన అచ్చు ఇవ్వాలి, వాహనాన్ని తనిఖీకి తీసుకెళ్లాలి, అది దొంగ సొత్తు కాదని పోలీసు రికార్డుల నుంచి తేలాలి. తయారీదారు నుంచి ధ్రువీకరణ తెమ్మంటే అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. స్టాండర్డ్ కంపెనీ ఎన్నడో మూతపడింది. అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. రద్దు ఉత్తర్వు చేతికందితే పై అధికారికి అప్పీలు చేసుకోవడానికి 57వ సెక్షన్ ఇచ్చిన గడువు 30 రోజులు. యాభై ఏళ్ల నాటి తప్పుకు సాక్ష్యం వెతకడానికి ఆ నెల రోజులు ఏ మూలకు?

ఇక్కడ ఒక వైరుధ్యం కనిపిస్తుంది. రోల్స్‌రాయిస్, బెంట్లీ పాత కార్ల ఛాసిస్ రికార్డులు ఇంగ్లండులో ఆ కార్ల అభిమానుల సంఘం భద్రపరిచింది. ఆస్టిన్, మోరిస్ వంటి బ్రిటిష్ కార్ల ఉత్పత్తి రికార్డులను గేడన్‌లోని మోటారు మ్యూజియం కాపాడి, రుసుము తీసుకుని ధ్రువపత్రాలు ఇస్తోంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన 1912 నాటి నిజాం రోల్స్‌రాయిస్ వంటి కారు వంశవృక్షాన్ని వెతకడం అందుకే సాధ్యం. ఒక తాలూకా డాక్టరు వాడుకున్న పద్మినికి అటువంటి ఆధారం ఎక్కడుంది? మహారాజు కారు పుట్టుక విదేశీ దస్త్రంలో పదిలంగా ఉంది. మధ్యతరగతి కారు పుట్టుక జిల్లా రవాణా కార్యాలయపు చెదలు పట్టిన రిజిస్టరులో ఉంది. ఆ రిజిస్టరు తప్పయినా, చిరిగిపోయినా శిక్ష పడేది దాన్ని రాసినవారికి కాదు, కారును కాపాడినవారికి.

ఈ ప్రశ్న 2021లో కొత్త బరువును సంతరించుకుంది. ఆ ఏడాది జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నియమాలు ప్రకటించింది. మొదటి నమోదు నాటి నుంచి యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో నమోదు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, పదేళ్ల చెల్లుబాటు. నెల తిరక్కుండానే, ఆగస్టులో, పాత వాహనాలను తుక్కు చేసే విధానం ప్రారంభమైంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాల మీద జాతీయ హరిత ట్రైబ్యునల్ విధించిన నిషేధానికి 2018లో సుప్రీంకోర్టు కూడా బలం చేకూర్చింది. అంటే పాత వాహనానికి రాజ్యం ముందు మిగిలిన హోదాలు రెండు: వారసత్వం లేదా తుక్కు. ఏది ఏ వైపు వెళ్లాలో నిర్ణయించడంలో కాగితం మీది అంకెకు పెద్ద పాత్ర వచ్చింది.

వింటేజ్ హోదాకు మరో షరతు ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు జరగకుండా వాహనం మూల రూపంలో ఉండాలి. రాజప్రాసాదాల గ్యారేజీలలో తెర కప్పుకుని నిద్రపోయిన కార్లకు ఈ షరతు కష్టం కాదు. కానీ ఈ దేశపు రోడ్ల మీద నిజంగా పనిచేసిన కారు ఏదీ మార్పు లేకుండా యాభై ఏళ్లు బతకలేదు. మరమ్మతే దాని చరిత్ర. లండన్ హైకోర్టు 1990లో ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే ప్రసిద్ధ బెంట్లీ రేసుకారు వివాదంలో ఇటువంటి చిక్కునే ఎదుర్కొంది. కాలక్రమంలో దాని భాగాలు దాదాపు అన్నీ మారిపోయినా, ఎక్కడా తెగని చరిత్ర ఉన్నందున అది అదే కారు అని న్యాయమూర్తి తేల్చారు. లోహం పాతదా కాదా అన్నదానికన్నా కొనసాగింపు ఉందా లేదా అన్నది ముఖ్యమైంది.

మన వ్యవస్థ ఆ దారిలో ఆలోచించడం అసాధ్యమేమీ కాదు. గుమాస్తా పొరపాటు, నిజాయితీగా జరిగిన ఇంజిన్ మార్పు, ఫోర్జరీ అనేవి మూడు వేర్వేరు సంగతులని నియమాలలో రాయవచ్చు. మొదటిదానికి రుసుము లేని సవరణ, రెండోదానికి పాత నంబరును కొట్టేయకుండా పక్కనే కొత్త నంబరును తేదీతో సహా నమోదు చేసే పద్ధతి, మూడోదానికి శిక్ష. రాష్ట్ర స్థాయి వింటేజ్ కమిటీలకే ఈ విచారణ బాధ్యత అప్పగించవచ్చు. కంప్యూటర్‌లోకి ఎక్కించేశామన్న ధీమాతో పాత రిజిస్టర్లను తగలబెట్టకుండా రాష్ట్ర పురావస్తు, ప్రాచీన పత్ర భాండాగారాలకు పంపవచ్చు. రేపు ఎవరి అంకె సరైనదో తేల్చగల సాక్షులు అవే.

కారు గొడవే కదా అని ఈ సంగతిని తేలికగా తీసుకోవడానికి వీల్లేదు. అసోంలో 2019 ఆగస్టు 31న వెలువడిన జాతీయ పౌర పట్టికలో 19 లక్షల మందికి పైగా చోటు దొరకలేదు. వారిలో పత్రానికీ పత్రానికీ పేరులో అక్షరం తేడా వచ్చినందుకు కార్యాలయాల చుట్టూ తిరిగినవారు ఉన్నారు. అక్కడ పణంగా పెట్టింది మనుషుల పౌరసత్వం, ఇక్కడ ఒక పాత వాహనం. రెండింటికీ పోలిక లేదు, కానీ వెనకున్న అలవాటు ఒక్కటే. దస్త్రం తప్పు రాయదని రాజ్యం నమ్ముతుంది, తేడా వస్తే ఎదుటివారినే అనుమానిస్తుంది. ఛాసిస్ మీద సుత్తి దెబ్బతో పడిన అంకెను కారు మార్చుకోలేదు. మార్చుకోగలిగింది దస్త్రమే. దిద్దుకోవడం తన బాధ్యతేనని ఆ దస్త్రం ఒప్పుకున్న నాడే నమోదు అనే మాటకు అర్థం ఉంటుంది.