అల్లిక చేతులు, అందని కూలి



మధ్యాహ్నపు వంట ముగించి, అరుగుమీద కూర్చుండి, దారమును సూదియు చేతబట్టిన స్త్రీని చూచినప్పుడు మనము, "ప్రొద్దుపోక ఏదో అల్లుకొనుచున్నది" అని తేలికగా అందుము. ఈ మాట చిన్నదే. అయితే ఇట్టి మాట చాటున ఒక దేశమందలి స్త్రీల కష్టార్జితము నూరేండ్లకు తక్కువ కాకుండ తరిగిపోయెను. ఆ సంగతి అక్కడి స్త్రీలు తమ నోటితో చెప్పిన సాక్ష్యములతో సహా ప్రభుత్వ దస్తరములలో నిలిచియున్నది. గనుక మనము ఆ దేశమునకు పోయి, ఉన్ని అల్లు ఒక స్త్రీ సంవత్సరమంతయు ఎట్లు గడుపుచుండెనో ఋతువు వెంబడి ఋతువు చూతము.

స్కాట్లాండు దేశమునకు ఉత్తరమున, సముద్రము మధ్య, షెట్లాండు అను దీవులు కలవు. స్కాట్లాండు తీరమునుండి అచ్చటికి సుమారు 100 మైళ్లు. చెట్లు మిక్కిలి అరుదు. గాలికి మాత్రము కొదువ లేదు. జూన్ నెలలో పగలు సుమారు 19 గంటలుండును. అర్ధరాత్రి వేళ సయితము పూర్తిగా చీకటి పడదు. డిసెంబరులోనైతే పగలు సుమారు ఆరు గంటలే. అచ్చటి గొఱ్ఱె చిన్నది, గాని దాని ఉన్ని బహు మెత్తనిది. ఆ ఉన్నితో సూదుల మీద మేజోళ్లు, చేతి తొడుగులు, స్వెట్టరులు, శాలువలు అల్లుటయే ఆ దీవుల స్త్రీల చేతిపని. తల్లి కూతురికి నేర్పును. బాలికలు అక్షరములు దిద్దు ఈడుననే సూదులు పట్టుకొనుచుండిరి.

పందొమ్మిదవ శతాబ్దపు షెట్లాండు ఇంటిని తలంచుకొనుడి. రాతి గోడల చిన్న యిల్లు. దాని చుట్టు కొంచెము సాగు భూమి. ఒకటి రెండు ఆవులు. కొండమీద కొన్ని గొఱ్ఱెలు. భూమి కౌలుది. పురుషుడు చేపల వేటకు పోవును. ఇక ఇల్లు, పొలము, పశువులు, పిల్లలు, ఇవన్నియు స్త్రీ మీదనే యుండెను. అల్లిక ఈ పనులన్నిటికి పైది.

వసంతకాలము వచ్చినప్పుడు, నాగలి లేని ఆ చిన్న పొలములను ముగ్గురు నలుగురు స్త్రీలు వరుసగా నిలిచి పారలతో త్రవ్వుదురు. మే నెలలో పీటు మట్టిని కోయుదురు. పీటు అనగా వేలయేండ్లుగా నీటిలో క్రుళ్లిన మొక్కలచే ఏర్పడిన నల్లని మట్టి. చెట్లు లేని ఆ దేశములో వంటచెరకు అదియే. దానిని ఇటుకలవలె కోసి, ఎండబెట్టి, బుట్టలతో వీపుమీద ఇంటికి మోయుదురు. వీపుమీద బరువున్నను చేతులు ఖాళీగా ఉన్నవి గదా! గనుక ఆ స్త్రీలు బుట్ట మోయుచు, నడచుచు, దారిపొడవున అల్లుచుండిరి. ఆనాటి ఛాయాచిత్రములలో ఈ దృశ్యమును నేటికిని చూడవచ్చును.

నడచుచు అల్లుట ఎట్లు సాధ్యమని మీరు అడుగవచ్చును. వారు నడుమునకు ఒక తోలు పటకా కట్టుకొందురు. దానికి గుఱ్ఱపు వెండ్రుకలు కూరిన చిన్న దిండు ఉండును. ఆ దిండు నిండ రంధ్రములు. ఇనుప సూది కొనను ఒక రంధ్రములో గ్రుచ్చినచో సూది కదలక నిలుచును. చేతికి భారము తగ్గి వ్రేళ్లు వేగముగా ఆడును. ఎడతెగని పనుల మధ్య దొరికిన ప్రతి నిమిషమును పట్టుకొనుటకు వారు ఈ పటకాను వాడుకొనిరి.

ఎండకాలములో పురుషులు ఆరు తెడ్ల పడవలెక్కి దూరపు సముద్రమునకు పోవుచుండిరి. జూన్, జూలై నెలలలో స్త్రీలు గొఱ్ఱెల ఉన్ని తీయుదురు. వారు కత్తెర వేయరు. ఆ కాలమున పాత ఉన్ని తనంతట తానే సడలును గనుక చేతులతో మెల్లగా పెరుకుదురు. మెడ దగ్గర ఉన్ని అన్నిటికంటె సన్ననిది. దానిని శాలువలకు ప్రత్యేకించి దాచుదురు. ఇట్లు ఒక చేత ఉన్ని పెరుకుచున్నను కన్నులు సముద్రము వైపే యుండును. 1881 జూలై 20న గొప్ప తుపాను లేచి పది పడవలను ముంచెను. 58 మంది మనుష్యులు ఒక్క దినమున నశించిరి. గ్లూప్ అను రేవు నుండి పోయిన పడవలే అందులో ఎక్కువ గనుక దానిని గ్లూప్ విపత్తు అందురు. అట్టి దినము తరువాత ఒక విధవరాలి యింట మిగిలిన ఆధారమేమి? చిన్న పొలము, కొన్ని గొఱ్ఱెలు, అల్లిక సూదులు. ప్రొద్దుపోకకు అల్లుట అను మాట ఆ యింట ఎట్లు చెల్లును?

శరత్కాలమున కోత. ఓట్లు, బార్లీ కోసి, దుంపలు త్రవ్వి, మిగిలిన పీటు ఇల్లు చేర్చుదురు. తరువాతి కాలములో, అనగా ఇరువదవ శతాబ్దపు ఆరంభమున, హెర్రింగు చేపల వ్యాపారము పెరిగినప్పుడు అనేక యువతులు చేపలు చీల్చి ఉప్పువేయు పనికి కుదిరిరి. పడవల కొఱకు రేవున వేచియుండు ఘడియలలో సయితము వారి చేతిలో అల్లిక కదలుచునే యుండెను.

శీతకాలము అల్లికకు ముఖ్య కాలము. దీర్ఘమైన రాత్రులలో ఇరుగుపొరుగు స్త్రీలు ఒక యింట కూడి ఉన్ని దువ్వుదురు. పాటలును కబుర్లును సాగును. తరువాత రాట్నముమీద వడకుదురు. షెట్లాండు దీవులలో మిక్కిలి ఉత్తరమున జనులు నివసించు దీవియైన అన్‌స్ట్‌లో సన్నని దారము వడకు నేర్పరులుండిరి. ఆ దారముతో అల్లిన శాలువ నలుప్రక్కల ఆరేసి అడుగులుండినను 3 ఔన్సుల తూకమునకు మించదు. పెండ్లి ఉంగరములో దూర్చి అవతలకు లాగవచ్చును. అల్లిన పిమ్మట దానిని కడిగి, పీపాలో గంధకపు పొగ వేసి తెల్లబరచి, చట్రముమీద బిగించి ఆరబెట్టుదురు. ఒక్క శాలువకు నెలలు పట్టును. ఇన్నిటి మధ్య ఆదివారము మాత్రము సూదులు ముట్టరాదని వారి కట్టుబాటు. వారమంతయు అలసిన ఆ వ్రేళ్లకు ప్రభువు దినమొక్కటే నిజమైన తీరిక యని నాకు తోచుచున్నది.

ఇక కూలి సంగతి వినుడి. 1851లో లండనులో జరిగిన గొప్ప ప్రదర్శనలో షెట్లాండు అల్లిక ఉంచబడెను. ధనికురాండ్రు ఆ శాలువలను కోరి ధరించిరి. అయితే అల్లిన స్త్రీ వర్తకుని అంగడికి శాలువ తీసికొనిపోయినప్పుడు ఆమె చేతికి నాణెము వచ్చుట అరుదు. వర్తకుడు సరకు ఇచ్చును: తేయాకు, బట్ట, ఇంకను తన అంగడిలో ఉన్నది. ఆమెకు ఇంట పిండి లేదు. గాని వర్తకుడు అల్లికకు బదులు పిండి ఇయ్యడు. కొన్నిసార్లు సరకునకు బదులు ఒక చీటి వ్రాసియిచ్చును. ఆ చీటి ఆ అంగడిలోనే చెల్లును. గనుక ఆ స్త్రీ తేయాకునో బట్టనో తీసికొని, పొరుగింట మార్చుకొని, పిండి సంపాదింపవలసియుండెను. నగదే కావలెనని పట్టుపట్టినచో ధర తగ్గును. ఈ పద్ధతికి ఆ దేశములో ట్రక్కు పద్ధతి యని పేరు. మనకు తెలిసిన లారీకిని దీనికిని సంబంధము లేదు. కూలికి బదులు సరకు ఇచ్చుటయే దాని అర్థము.

1872లో ప్రభుత్వము విలియమ్ గత్రీ అను న్యాయవాదిని విచారణకు పంపెను. ఆయన లెర్విక్ పట్టణమున కూర్చుండి వర్తకులను, జాలరులను, అల్లిక స్త్రీలను పిలిచి ప్రశ్నించెను. పేద స్త్రీలు న్యాయవాది యెదుట నిలిచి, ఏ వస్తువుకు ఏమి ముట్టినదో, ఇంట ఏమి కొదువయో చెప్పిరి. ఆ ప్రశ్నలును ప్రత్యుత్తరములును అచ్చువేయబడినవి. వర్తకులు తమ సమాధానముగా, శాలువలలో మాకు లాభము లేదు, సరకులో మాత్రమే కలదనిరి. 1887లో చేసిన చట్టము, ఇంటివద్ద అల్లి అమ్మువారికిని నగదు ఇయ్యవలెనని నిర్ణయించెను. చట్టము వచ్చినను వాడుక వెంటనే పోలేదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున వేలకొలది సైనికులు ఆ దీవులలో దిగి, స్త్రీల చేతినుండి నేరుగా నగదుకు స్వెట్టరులు కొనిన తరువాతనే ఆ పద్ధతి నిజముగా అంతరించెను.

ఇంత నేర్పుగల పనికి ఇంత తక్కువ ప్రతిఫలమేల? వర్తకుని లోభము ఒక కారణము. కొనువారు దూరదేశమున ఉండుట మరియొక కారణము. అయితే వీటికి తోడుగా నిలిచినది ఒక తలంపు: పురుషుని చేపలవేట పని, స్త్రీ అల్లిక తీరిక వేళ చేయునది, తీరిక వేళకు వెల ఏమి? పీటు బుట్ట క్రింద వంగి నడచుచు అల్లినదానిని తీరిక యనవచ్చునా?

తరువాత కాలము మారెను. 1922లో వేల్సు యువరాజు ఫెయిర్ ఐల్ అను చిన్న దీవి పేరుగల రంగుల స్వెట్టరు ధరించి బహిరంగముగా కనబడగా ఆ అల్లికకు గిరాకి పెరిగెను. 1970 తరువాతి సంవత్సరములలో ఆ సముద్రమున చమురు దొరకి వేరు ఉద్యోగములు వచ్చినప్పుడు, అనేక స్త్రీలు కూలికి అల్లుట మానివేసిరి. మంచి కూలి మరియొకచోట దొరకినప్పుడే పాత కూలి ఎంత స్వల్పమో తేటపడెను. ఇప్పుడు అచ్చట అల్లువారిలో అనేకులు ఇష్టముకొద్ది అల్లుచున్నారు. 2010లో మొదలైన ఉన్ని వారోత్సవమునకు నానా దేశములనుండి జనులు వచ్చి ఆ విద్యను నేర్చుకొనుచున్నారు. చలికాలమున మనుమనికి టోపి, వేసవిలో పెండ్లికూతురికి శాలువ, తోచినప్పుడు తోచినది! ఇది మంచి సంతోషము. మానుకొనుటకు స్వేచ్ఛ ఉన్నప్పుడే అల్లిక ఒక వేడుక యగును.

చదువరులారా, ఇది దూరపు కథ యని పుస్తకము మూయకుడి. మన గోదావరి డెల్టాలో నరసాపురము, పాలకొల్లు ప్రాంతపు గ్రామములలో లేసు అల్లిక కలదు. అది ఉన్ని పని కాదు. కొక్కెముగల ఒక్క సూదితో నూలు దారమును అల్లు పని. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు దానిని పేద స్త్రీలకు నేర్పిరి. తరువాత అది విదేశములకు ఎగుమతియగు పెద్ద వ్యాపారమాయెను. మారియా మీస్ అను జర్మను దేశపు పండితురాలు ఆ గ్రామములలో పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించెను. ఈ స్త్రీలను పనివారని గాక, తీరిక వేళ అల్లుకొను గృహిణులని యెంచుట చేతనే వారి కూలి అంత తక్కువగా నిలిచెనని ఆమె చూపెను. షెట్లాండున ఉన్ని, ఇచ్చట నూలు. మాట మాత్రము ఒక్కటే. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించెను. పేరునకు గౌరవము వచ్చినందుకు సంతోషించుదము. చేతులకు గౌరవము చేరినదా యని కూడ అడుగుదము.

యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములను పేతురునకు చూపిరని మీరెరుగుదురు. ఆ వస్త్రములు కుట్టిన చేతిని ఎరిగినవారే వాటిని కన్నీటితో చూపిరి. పనివారి కూలి బిగబట్టుటను గూర్చి యాకోబు తన పత్రికలో ఎంత కఠినముగా వ్రాసెనో కూడ మీరెరుగుదురు. పొలములో కోసినవాని కూలియే కూలి, అరుగుమీద అల్లినదాని కూలి కూలి కాదని ఆయన ఎక్కడను చెప్పలేదు.

గనుక మీ సంఘములోని స్త్రీల సమాజమునకు ఒక చిన్న పని అప్పగించుచున్నాను. అల్లిక పని చేయు ప్రతి సహోదరి, ఇకమీదట ఒక వస్తువు మొదలుపెట్టినప్పుడు ఒక కాగితముమీద గంటలు వ్రాసికొనవలెను. చేతి వ్రాత రాని వృద్ధురాలికి ఆమె మనుమరాలు వ్రాసిపెట్టవలెను. వస్తువు ముగిసిన పిమ్మట, వచ్చిన సొమ్ములో దారపు ఖర్చు తీసివేసి, మిగిలినదానిని ఆ గంటలతో భాగింపుడి. వచ్చిన అంకెను మీ యింటి పురుషులకు చూపుడి. లేసు కొనవచ్చు మనిషికి చూపుడి. నలుగురు కలిసి చూపినచో ఇంకను మంచిది.

పురుషులారా, మీకు ఒక మాట. రానున్న కోతపండుగ వేలములో ఒక బల్లగుడ్డ మీ యెదుటికి వచ్చును. పాట పాడకమునుపు, దానిని అల్లిన సహోదరి ఆ గుడ్డకు పెట్టిన గంటలెన్నో అడిగి తెలిసికొని, ఆ తరువాత మీ ధర చెప్పుడి.