నిక్షేపం
‘కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు నిక్షేపాలు’ అని పత్రికల్లో చదివితే, కింద గ్రానైట్ తప్ప చమురు లేని సికింద్రాబాద్ పాఠకుడికి లంకెబిందెలే మెదులుతాయి. ఆ ఊహ మాటలోనే ఉంది. సంస్కృత ‘క్షిప్’ ధాతువుకు విసరడం అని అర్థం. ‘ని’ చేరితే కింద పెట్టడం. నిక్షేపమంటే నమ్మి ఒకరి దగ్గర దాచిన సొమ్ము, పాతిపెట్టిన ధనం, నేడు ఖనిజరాశి. ‘నిక్షేపంలా ఉన్నాడు’ అంటే చెక్కుచెదరలేదని. నిక్షిప్తం, ప్రక్షిప్తం, సంక్షిప్తం, ఆక్షేపణ దీని చుట్టాలే. తవ్వితే చేతికొచ్చే సింగరేణి బొగ్గుకు ఈ మాట నప్పుతుంది. సున్నపురాతిలోని చిక్కటి చమురుకు నప్పదు. 1974లో బయటపడ్డ బాంబే హైలోనూ సున్నపురాయే, కానీ అక్కడి చమురు పలచన, పారుతుంది. కెనడాలోని గ్రోస్‌మాంట్ పొరలో అది తారులా గడ్డకట్టి ఉంటుంది. ఆవిరితోనో మరోలాగో వేడి చేస్తే తప్ప కదలదు, ఆ ఆవిరేమో రాతి పగుళ్ల వెంట పక్కదారి పడుతుంది. వాడుకలో స్థిరపడ్డ మాటను మార్చడమెందుకని అడగవచ్చు. మార్చనక్కర్లేదు, పక్కనే ‘వెలికితీయగల నిల్వ’ ఎంతో కూడా రాయాలి. ఎంత ఉందో రాయి చెబుతుంది, ఎంత వస్తుందో పద్ధతీ ఖర్చూ తేలుస్తాయి. రెండింటినీ ఒకే మాటలో కలిపేస్తే పాఠకుడికి అన్యాయం చేసినట్టే.