అమ్మ పద్దులో సముద్రం

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం దారిన సాగి, 1831 సెప్టెంబరులో తూర్పుతీరం మీదుగా ఇల్లు చేరాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ మా కడప, కర్నూలు సీమల దారులకూ నీటి వసతులకూ నేటికీ ఆధారమే. ఆ పరివారంలో ఇంటి ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు రాసిందేదీ మనదాకా రాలేదు. నా పరిశోధనలో ఈ సంగతిని ఒక పాదసూచికతో సరిపెట్టాను.

ఇప్పుడు అమ్మ ఖర్చుల పుస్తకం తిరగేస్తుంటే ఆ తొందరకు సిగ్గేస్తోంది. 1995లో అమ్మా నాన్నా మమ్మల్ని అవ్వ దగ్గర వదిలి, కడపలో రైలెక్కి మద్రాసు, మహాబలిపురం చూసి వచ్చారు. మూడు రోజులు. ఇద్దరే వెళ్ళింది అదొక్కసారే. నాన్న చెప్పే కథలో పల్లవులు, ఏడో శతాబ్దపు రథాలు, లైట్‌హౌస్ ఉంటాయి. అమ్మ పుస్తకంలో బస్సు చార్జీలు, టిఫిన్లు, అవ్వకు కొన్న శంఖం. వాటి మధ్య, అంకె లేకుండా ఒక పద్దు: ‘సముద్రం కాడ గంటసేపు ఊరికే కూచుంటిమి.’

యాత్రా సాహిత్యంలో దీన్ని ఎక్కడ చేర్చాలి? 1876లోనే పోతం జానకమ్మ ఇంగ్లండు యాత్ర పుస్తకంగా వచ్చింది, నిజమే. ఆమెకు అచ్చు అందింది.

మొన్న ఆ గంట గురించి అమ్మనడిగాను.

“మీ నాయన యాడ కూచున్యాడు? రథాల కాడ గైడుతో మాట్లాడతా ఉన్యాడు. నేనొక్కదాన్నే.”

మరి ‘కూచుంటిమి’ అని ఎందుకు రాశావంటే, “అట్లే రాస్తారు గదా” అంది.