‘చెయ్యి పోయింది’ – బాధ్యతకు ఒక చరిత్ర

కొన్నేళ్ల క్రితం తొమ్మిదో తరగతి పిల్లలకు ‘మా ఇల్లు’ అనే అంశం ఇచ్చి వ్యాసం రాయమన్నాను. ఒక అమ్మాయి ఇలా రాసింది: ‘మా నాన్న చెయ్యి మిల్లులో పోయింది. అప్పటినుంచి మా అమ్మ కూలికి పోతోంది.’ ఎర్రసిరా కలంతో రెండు అక్షరదోషాలు దిద్ది, పదికి ఏడు మార్కులు వేశాను. ఆ వాక్యంలో మరో లోపం ఉన్నదని నాకు ఆనాడు తోచలేదు.

తరువాత విచారిస్తే సంగతి తెలిసింది. అది రైసు మిల్లు. తిరిగే బెల్టుకు కంచె లేదు. ఆయన పేరు హాజరు పుస్తకంలో లేదు. యజమాని ఆసుపత్రి ఖర్చులు భరించి, కొద్దిపాటి సొమ్ము ముట్టజెప్పి, ‘ఇక నాకేమీ రావలసింది లేదు’ అన్న కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. పోయింది కుడిచెయ్యి కాబట్టి ఎడమ బొటనవేలి ముద్రకు ఏ ఇబ్బందీ రాలేదు.

తెలుగు పంతులుని కనుక నా ఆలోచన వ్యాకరణం వైపే పోయింది. చెయ్యి పోయింది, కాలు విరిగింది, వేళ్లు నలిగాయి, గని కూలింది – అన్నీ అకర్మక క్రియలే. తెంచిందెవరు, విరిచిందెవరు అన్న ప్రశ్న వాటిలో పుట్టదు. పైగా ‘చెయ్యి పోయింది’ అన్న వాక్యానికి చెయ్యే కర్త. అంటే పోయిన చెయ్యే తన పోకకు తాను బాధ్యురాలు! అసలు కర్త కనపడనప్పుడు మనవాళ్లు కర్మను నిందించి ఊరుకుంటారు.

‘ప్రమాదం’ అన్న మాట కథ కూడా ఇలాంటిదే. సంస్కృతంలో దానికి మొదటి అర్థం ఏమరుపాటు. తైత్తిరీయోపనిషత్తులో చదువు ముగించిన శిష్యుడికి ‘ఏమరవద్దు’ అని గురువు చెప్పేటప్పుడు వాడింది ఈ ధాతువునే. ధమ్మపదంలో ఒక అధ్యాయానికి పేరే ‘అప్పమాద’ వర్గం. ఏమరుపాటు అంటే ఏమరినవాడు ఒకడు ఉండి తీరాలి. కాని తెలుగులో ఆ మాట వాడుకలో అరిగి అరిగి, పిడుగులాగా పైనుంచి వచ్చిపడేదానికి పేరైంది. ఏమరినవాడు మాటలోంచి జారిపోయాడు. జారిపోయిన ఆ మనిషిని వెతికి పట్టుకోవడానికి శ్రామికవర్గం రెండు శతాబ్దాలుగా చేస్తున్న పోరాటమే గాయానికి, పరిహారానికి సంబంధించిన న్యాయచరిత్ర.

పారిశ్రామిక విప్లవం తొలినాళ్ల ఇంగ్లండులో ఒక విచిత్రమైన న్యాయం ఉండేది. మనిషి చనిపోతే అతని దావా కూడా అతనితోనే చనిపోతుంది. కాలు విరిగినవాడు కోర్టుకెక్కవచ్చు. ప్రాణం పోయినవాడి భార్యాబిడ్డలకు ఆ హక్కు లేదు. యజమానికి గాయపరచడం కన్నా చంపడమే చవక. దీనికి పక్కనే మధ్యయుగాల నాటి మరొక ఆచారం ఉండేది. మనిషి చావుకు కారణమైన వస్తువును – బండిని గాని, ఎద్దును గాని – లేదా దాని విలువను రాజుకు జప్తు చేసేవారు. దేవుడికి ఇవ్వవలసినదని దాని పేరు. 1841 డిసెంబరు 24న సోనింగ్ దగ్గర గ్రేట్ వెస్టర్న్ రైలు పట్టాలు తప్పి, పైకప్పులేని పెట్టెల్లో ప్రయాణం చేస్తున్న పనివాళ్లు చనిపోయినప్పుడు జూరీ ఆ పాత ఆచారాన్ని పట్టుకొని 1,000 పౌన్లు విధించింది. మామూలు మనుషులతో కూడిన జూరీలు రైలు కంపెనీల మీద ఇట్లా విరుచుకుపడడం పాలకవర్గానికి మింగుడుపడలేదు. 1846లో ఆ ఆచారాన్ని రద్దు చేశారు. అదే సంవత్సరం, మృతుడి కుటుంబం దావా వేసుకోవచ్చునని మరొక చట్టం తెచ్చారు. మన దేశానికి ఆ చట్టం 1855లో వచ్చింది.

అయితే పనివాడి వరకు వచ్చేసరికి న్యాయమూర్తులు అప్పటికే వేరే గోడ కట్టేశారు. 1837లో ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ అనే పనికుర్రవాడు ఫౌలర్ అనే మాంసం వ్యాపారి మీద దావా వేశాడు. యజమాని పని మీద పోతూ ఉంటే అధిక బరువు ఎక్కించిన బండి విరిగి కుర్రవాడి తొడ ఎముక విరిగింది. జూరీ 100 పౌన్లు ఇప్పించింది. పై కోర్టులో లార్డ్ అబింజర్ దాన్ని కొట్టివేశాడు. ఆయన వాదం వినదగింది. యజమానిని ఇందుకు బాధ్యుణ్ని చేస్తే, రేపు పనిమనిషి తడి పక్క వేసిందని కూడా తోటి నౌకరు యజమాని మీద దావా వేస్తాడట! తొడ ఎముక విరిగిన కుర్రవాడి ముందు ఆ న్యాయమూర్తికి కనిపించిన భయం తడి పక్కబట్ట.

1842లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో రైలు ఇంజను డ్రైవరు ఫార్వెల్ కేసులో ఈ సూత్రం ఇంకా పదునెక్కింది. పట్టాలు మార్చే పనివాడి పొరపాటు వల్ల ఇంజను పట్టాలు తప్పి అతని కుడిచెయ్యి పోయింది. ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా తీర్పు ఇది: పనిలోని అపాయం తెలిసే డ్రైవరు చేరాడు, అతనికి వచ్చే 2 డాలర్ల రోజుకూలిలో ఆ అపాయం ఖరీదు కూడా కలిసే ఉన్నది, తప్పు తోటి పనివాడిది గనుక కంపెనీకి బాధ్యత లేదు. ఈ షా గారే తరువాత నవలాకారుడు హెర్మన్ మెల్విల్‌కు మామగారయ్యాడు.

ఈ విధంగా పనివాడి చుట్టూ మూడు గోడలు లేచాయి. తప్పు తోటివాడిది, అపాయం నువ్వు ఒప్పుకున్నదే, నీ ఏమరుపాటు కూడా కాస్త ఉన్నది. మూడింటి సారం ఒక్కటే: బాధ్యుడు శ్రామికుడు, కాకపోతే అతని పక్కనున్న శ్రామికుడు. ఆకలితో ఉన్నవాడు, యంత్రాల యజమాని, ఇద్దరూ సమానులుగా కూర్చుని బేరం చేసుకుని ఒప్పందానికి వచ్చారన్న కట్టుకథ మీద ఈ సౌధం నిలబడింది. ఇంతటి కల్పన ఏ నవలలోనూ ఉండదు.

గోడలు కూలింది న్యాయమూర్తుల మనసులు కరిగి కాదు. సంఘాలు కట్టుకున్న కార్మికుల ఒత్తిడి మీద బ్రిటన్‌లో 1880లో ఒక అరకొర చట్టం వచ్చింది. జర్మనీలో బిస్మార్క్ 1878లో సోషలిస్టుల మీద నిషేధం పెట్టి, 1884లో ప్రమాద బీమా తెచ్చాడు. కార్మికుణ్ని సోషలిజం నుంచి దూరం చేయడానికే అయినా, తప్పెవరిదన్న ప్రశ్నను పక్కనపెట్టి యజమానుల సొమ్ముతో పరిహారం ఇవ్వాలన్న సూత్రాన్ని అంగీకరించక తప్పలేదు. 1897లో బ్రిటన్ కూడా ఆ దారి పట్టింది.

మన దేశంలో 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పాటు, 1920లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ పుట్టుక – ఈ నేపథ్యంలో 1923లో కార్మికుల నష్టపరిహార చట్టం వచ్చింది. 1924 జులై 1 నుంచి అమలైంది. పనివల్ల, పని వేళలో కలిగిన గాయానికి యజమాని తప్పు ఉన్నా లేకపోయినా పరిహారం ఇవ్వాలన్నది దాని ప్రాణం. తోటి పనివాడి తప్పు అన్న వాదాన్ని ఇక్కడ 1938లో చట్టం తొలగించింది. ఆ సిద్ధాంతాన్ని పుట్టించిన బ్రిటన్‌లో అది 1948 దాకా బతికింది.

ఈ చట్టం విజయమే, సందేహం లేదు. కాని దాని మొదటి షెడ్యూలును సాహిత్య విద్యార్థి ప్రతివాడూ ఒకసారి చదవాలి. మన ప్రబంధకవులు నాయికను ఆపాదమస్తకం వర్ణించినట్టు, అది శ్రామికుడి శరీరాన్ని అవయవాల వారీగా వర్ణిస్తుంది. 1923 నాటి లెక్కలో కుడిచెయ్యి మోచేతి దగ్గర గాని పైన గాని పోతే సంపాదనశక్తిలో నూటికి 70 పాళ్లు నష్టం. ఎడమచెయ్యి అయితే 60. ఒక కన్ను 30. బొటనవేలు 25. చూపుడువేలు 10. మిగతా వేళ్లలో ఏదైనా 5. పెద్దవాడి ప్రాణానికి 30 నెలల జీతం లేక 2,500 రూపాయలు, ఏది తక్కువైతే అది. బాలకార్మికుడి ప్రాణానికి 200 రూపాయలు. తరువాతి సవరణల్లో అంకెలు పెరిగాయి. బొటనవేలు 30 అయింది, కన్ను 40 అయింది. 2009లో చట్టం పేరులోని కార్మికుడు ‘ఉద్యోగి’ అయ్యాడు. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ ఈ చట్టాన్ని తనలో కలుపుకున్నది. పేర్లు మారినా, మనిషిని సంపాదించే శక్తిగా మాత్రమే కొలిచే పద్ధతి మారలేదు. ఆ చేతితో బిడ్డను ఎత్తుకోవడం, డప్పు కొట్టడం, చదువుకున్నవాడైతే ఉత్తరం రాయడం – ఇవేవీ షెడ్యూలులో ఉండవు. అవి రాయవలసింది రచయితలు.

చట్టానికి పట్టని మనుషులు కూడా ఉన్నారు. 1923 చట్టం బ్రిటిష్ ఇండియాకే గాని నిజాం రాజ్యానికి వర్తించలేదు. 1889 నుంచి బొగ్గు తవ్వుతున్న సింగరేణి గనులు ఆ రాజ్యంలోనివే. పొలం పనుల్లో ట్రాక్టరు వంటి యంత్రాలతో చేసే సేద్యాన్ని షెడ్యూలులో చేర్చారు గాని, కొడవలితో కోతకోసే కూలిని మరిచారు. తాటిచెట్టు గీసే పని షెడ్యూలులో ఉన్నది. కాని మోకు జారి తాడి మీదినుంచి పడిన గీత కార్మికుడికి యజమాని ఎవరు? తనకు తానే పనివాడైన వాడు ఎవరి మీద దావా వేయాలి? ప్రభుత్వం ఇచ్చేదాన్ని ఎక్స్‌గ్రేషియా అంటారు. అంటే దయ. హక్కు కాదు.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో విషవాయువు ఫ్యాక్టరీ గోడ దాటి వచ్చాక ప్రశ్న ఊరందరిదీ అయింది. 1985లో ప్రభుత్వం చట్టం చేసి, బాధితులందరి తరఫునా దావా వేసే అధికారం తన చేతిలోకి తీసుకున్నది. 1986లో అమెరికా కోర్టు, కేసు ఇండియాలోనే నడవాలన్నది. 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం వాయువు లీకైన కేసులో మన సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో గొప్ప సూత్రం చెప్పింది: ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడికి జరిగిన కీడుకు సంపూర్ణ బాధ్యత ఉంటుంది, మినహాయింపులు లేవు, సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది. ఇంగ్లీషు న్యాయంలో 1868 నుంచి నడుస్తున్న సూత్రంలోని మినహాయింపులన్నింటినీ అది పక్కకు నెట్టింది. అయినా రెండేళ్లు తిరిగి, 1989 ఫిబ్రవరిలో, భోపాల్ కేసు అదే కోర్టులో 47 కోట్ల డాలర్ల రాజీగా ముగిసింది. బాధితులను అడిగి చేసిన రాజీ కాదు అది. సూత్రం ఒక చోట, సొమ్ము మరొక చోట. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి నిద్రలో ఉన్నవాళ్లను కమ్మినప్పుడు, జాతీయ హరిత ట్రిబ్యునల్ తొలిగా 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమన్నది. 1986 నాటి సూత్రం ఎంత అవసరమో మన గడప ముందే మళ్లీ రుజువైంది.

ఇక మన సంగతి. డికెన్స్ 1854లో ‘హార్డ్ టైమ్స్’ రాస్తూ, స్టీఫెన్ బ్లాక్‌పూల్ అనే మిల్లు కార్మికుణ్ని కప్పకుండా వదిలేసిన పాత గనిగోతిలో పడేశాడు. కాని ఆ గోతిని అట్లా వదిలేసినవాళ్లను పాఠకుడు మరిచిపోకుండా చేశాడు. మన కథల్లో లారీ వస్తుంది, మిషను తిరుగుతుంది, పాత్ర చనిపోతుంది, కథ ముగుస్తుంది. కథకుడికి ప్రమాదం ఒక సౌకర్యం. అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మనం కూడా శవం దగ్గర కన్నీరు కార్చి, బెల్టుకు కంచె ఎందుకు లేదో అడగకుండా వచ్చేస్తున్నాం. కోర్టు మెట్ల మీద పేదవాడికి ఏం జరుగుతుందో రావిశాస్త్రి రాశాడు. న్యాయవాదిగా ఆయనకు ఆ మెట్లు తెలుసు. మనకు తెలియవు. తెలుసుకోవడం మన పని. కరుణ ఒక్కటే చాలదు. కరుణకు కూడా ఎక్స్‌గ్రేషియా స్వభావం ఉన్నది.

ఆ అమ్మాయి తండ్రి విషయంలో నేను ఆలస్యంగా తెలుసుకున్నది ఇది. 1923 నాటి ఆ చట్టంలోనే, పరిహారం హక్కును వదులుకుంటూ కార్మికుడు రాసిచ్చిన కాగితం చెల్లదని 17వ సెక్షన్ చెప్పింది. ఎడమ బొటనవేలి ముద్రకు విలువ లేదు. దావా వేయడానికి గడువు రెండేళ్లు; నేను పదికి ఏడు వేసేనాటికే అది దాటిపోయింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషనరు మన్నించవచ్చు. ఒక వకీలు మిత్రుడి సాయంతో అర్జీ పెట్టారు. ఆయన ఆ మిల్లులో పనిచేశాడని ఎవరు చెప్పాలి? హాజరు పుస్తకం చెప్పదు. రెండు నెలలు తిరిగాక పక్క బెల్టు దగ్గర పనిచేసిన ఒకాయన సాక్ష్యానికి ఒప్పుకున్నాడు. సాక్ష్యం చెప్పిన మర్నాటి నుంచి ఆయనకు ఆ మిల్లులో పని లేదు.

1837లో న్యాయమూర్తులు తప్పంతా మోపిన ‘తోటి పనివాడు’ ఆయనే. అర్జీ ఏమైందన్నది కోర్టు చెప్పే మాట. ఆయన పేరు ఏ తీర్పులోనూ సూత్రంగా నిలవదు. ఆయన కథ రాయవలసిన బాకీ మనది.