పిక్క పట్టేస్తే ‘నరం నొప్పి’ అని ఊరుకోవద్దు: వాపు జబ్బుల్లో రక్తం గడ్డకట్టే ముప్పు

చేవెళ్ల, మొయినాబాద్‌ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు మీద పాన్ డబ్బాలకు కొదవ లేదు. బీడీ, జర్దా అలవాటున్న మనిషికి నాలుగడుగులు వేయగానే పిక్కో, పాదమో పట్టేస్తుంది. ఆగితే తగ్గుతుంది, నడిస్తే మళ్లీ వస్తుంది. ఇంట్లోవాళ్లు ‘నరం పట్టింది’ అని మాలిష్ చేయిస్తారు. నలభై ఐదేళ్ల లోపు వారిలో ఇది బర్గర్ వ్యాధి కావచ్చు. తినే బర్గర్‌తో దీనికి సంబంధం లేదు. 1908లో దీన్ని వివరంగా రాసిన డాక్టర్ లియో బర్గర్ పేరే దీనికి పెట్టారు.

ఇది కొలెస్ట్రాల్ పేరుకుని వచ్చే జబ్బు కాదు. చేతులు, కాళ్లలోని చిన్న, మధ్యస్థ రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. వేళ్లు చల్లబడతాయి, రంగు మారతాయి, పుండు పడితే మానదు. చివరికి వేలో, కాలో తీసేయాల్సి వస్తుంది. రక్తం పలచబడే మాత్రలొక్కటే దీన్ని ఆపలేవు. పొగాకు పూర్తిగా మానడమే అసలు మందు. ‘రోజుకు ఒక్కటే’ అన్నా కుదరదు. గుట్కా, ఖైనీ కూడా పొగాకే. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేయొచ్చు.

ఇంకోటి బెహ్‌చెట్ వ్యాధి. తుర్కియే డాక్టర్ హులూసి బెహ్‌చెట్ 1937లో దీని గురించి రాశారు. తుర్కియే నుంచి జపాన్ దాకా పాత పట్టు వ్యాపార మార్గం వెంట ఎక్కువగా కనిపిస్తుంది. నోట్లో పదేపదే పుండ్లు, మర్మాంగాల వద్ద పుండ్లు, కళ్లు ఎర్రబడి చూపు మసకబారడం లక్షణాలు. కొందరికి కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. ఆడవాళ్లు సిగ్గుతో రెండో సంగతి దాచేస్తే డాక్టరుకు జబ్బు అంతుపట్టదు. ఇక్కడ గడ్డకు మూలం రక్తనాళం గోడలోని వాపు. అందుకే వాపు తగ్గించే మందులే ముఖ్యం. ఊపిరితిత్తుల ధమని ఉబ్బి ఉన్నవారికి రక్తం పలచబడే మందు ఇస్తే ప్రాణాపాయమైన రక్తస్రావం జరగొచ్చు. దగ్గితే రక్తం పడుతుంటే ముందే చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి సొంతంగా వేసుకోవద్దు.

రంజాన్‌లో స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు. సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోవచ్చా అని నెల మొదలవకముందే డాక్టరును అడగాలి. రోగులు తర్వాతి రోజుల్లో రోజాలు పూర్తి చేసుకునే వెసులుబాటు ఖుర్ఆన్‌లోనే ఉంది (అల్ బఖరా, 185). ఉమ్రా ప్రయాణంలోనూ గంటల తరబడి కదలకుండా కూర్చోవద్దు. మధ్యలో లేచి నడవాలి, నీళ్లు తాగుతుండాలి.

ఒక కాలే వాచి నొప్పిగా ఉంటే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి డాప్లర్ పరీక్ష చేయించుకోవాలి. పంజాగుట్ట నిమ్స్‌లో రుమటాలజీ, వాస్క్యులర్ సర్జరీ విభాగాలు రెండూ ఉన్నాయి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, కాలు చల్లబడి తెల్లగా మారినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.